ఊరికే తిరిగొస్తాను

‘తిరక్క మగాడు చెడ్డాడు, తిరిగి ఆడది చెడింది’ అనే సామెత నేను చదువుకున్న సమాజశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా లేదు. మా అమ్మమ్మ నోట విన్నాను. ఆ తర్వాత స్త్రీలు, బహిరంగ స్థలాలు, చలనశీలత అంటూ ఎన్నో సెమినార్లలో కూర్చున్నాను గానీ ఇంత క్లుప్తంగా విషయం తేల్చేసిన సిద్ధాంతకర్త నాకింకా తగల్లేదు. మగవాడికి తిరుగుడు చదువు లాంటిది. ఆడదానికి తిరుగుడు జబ్బు లాంటిది. మూడేళ్ళ కిందట, నలభై దాటాక, మళ్ళీ సైకిలెక్కినప్పుడు ఆ సామెత నా వెనక క్యారేజీ మీద కూర్చునే వచ్చింది.

మా ఇంటికి పనికొచ్చే ఆమె జవహర్‌నగర్ నుంచి యాప్రాల్ దాకా నడిచొస్తుంది. (ఇంటిపని మీద వ్యాసాలు రాసే మనిషి ఇంట్లో పనిమనిషి ఏమిటని అడిగే స్నేహితులున్నారు. అడగాల్సిన ప్రశ్నే. నా దగ్గర సరైన జవాబు లేదు.) ఒకరోజు గిన్నెలు కడుగుతూ అడిగింది.

“పొద్దుగాల సైకిలేసుకొని ఏడికి పోతవక్కా?”

“షామీర్‌పేట చెరువు దాకా.”

“ఆడ సుట్టాలున్నరా?”

“లేరు.”

“మరేం పని?”

“పనేం లేదు. ఊరికే.”

ఆమెకి నవ్వాగలేదు. “పని లేకుంట గంత దూరం పోయి మల్ల ఊకెనే వస్తవా? మీ సారు ఏమనడా?”

సారు ఏమీ అనరు. అయితే, ‘ఏమనకపోవడం’ అనేది నాకు దొరికిన అదృష్టంలా ఎందుకు ఉండాలి? ఆమె రోజూ రానూపోనూ నడిచే దూరం గురించి ఆమె ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. అది పని కాబట్టి. నేను తొక్కే దూరానికి అనుమతి ప్రసక్తి వచ్చింది. అది పని కాదు కాబట్టి. మా ఇద్దరి మధ్యా కులంలో, వర్గంలో, జీతంలో ఎంత తేడా ఉన్నా ఈ ఒక్క చట్టం మాత్రం ఇద్దరికీ వర్తిస్తోంది. ఆడది కదలాలంటే కారణం చూపించాలి.

నేను పుట్టి పెరిగింది భీమునిపట్నంలో. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు అది. అక్కడి నుంచి విశాఖ వైపు సముద్రం పక్కనే రోడ్డు. ఎర్రమట్టి దిబ్బలు, మంగమారిపేట, రుషికొండ దాటుకుంటూ పాతిక కిలోమీటర్లు ఉంటుంది. ఒక చేతివైపు నీళ్ళు, ఒక చేతివైపు దిబ్బలు, సరుగుడు తోటలు. మా అన్నయ్య సైకిల్ నా కన్నా ఎత్తు. బార్ కింద నుంచి కాలు దూర్చి, ఒంటిని విల్లులా వంచి తొక్కడం నేర్చుకున్నాను. పదేళ్ళకి దిబ్బల దాకా వెళ్ళి వచ్చేదాన్ని. పన్నెండో ఏట పెద్దమనిషినయ్యాను. సైకిల్ వసారాలోకి వెళ్ళింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. “ఓణీ చైన్లో పడుతుందమ్మా” అన్నారంతే. లేడీస్ సైకిళ్ళకి చైన్ కవరుంటుందని ఆ వయసులో నాకు తెలియదు. ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుసు.

అన్నయ్య మాత్రం ఆ రోడ్డు మీద తిరుగుతూనే పెరిగాడు. ఏ మలుపు దగ్గర చేపలు ఎండబెడతారో, ఏ వేళకి పడవలొస్తాయో, ఎండాకాలం ఏ దిబ్బ చాటున నీడ ఉంటుందో వాడికి తెలుసు. మా ఊరి గురించి ఇప్పటికీ నాకన్నా వాడికే ఎక్కువ తెలుసు. నేను ఆ ఊరి మీద రెండు పరిశోధనా పత్రాలు రాశాను. వాడు ఒక్కటీ రాయలేదు. విశాఖ బీచ్ రోడ్డులో ఉదయం పూట కొంతసేపు వాహనాలు ఆపి మనుషులకి వదిలేస్తారు. ఎప్పుడైనా ఆ వేళకి అక్కడుంటే, నడిచే ఆడవాళ్ళు చాలామందే కనిపిస్తారు. షుగరుకీ, బీపీకీ డాక్టరు నడవమన్నాడని వస్తారు. అదీ ఒక కారణమే మరి, మందుచీటీలో రాసిన కారణం. గోడ మీద కాళ్ళు వేలాడేసి సముద్రం వైపు ఊరికే చూస్తూ కూర్చున్న వాళ్ళని లెక్కపెట్టండి. మగపిల్లలే ఎక్కువ.

మన ఉద్యమాల్లో ఈ విషయం ఎక్కడ ఉంది? 1990ల మొదట్లో రెండు జిల్లాల్లో జరిగిన సంగతులు పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. రెండూ అక్షరాస్యతా ఉద్యమం నుంచి పుట్టినవే. నెల్లూరు జిల్లాలో, 1992లో దూబగుంట రోశమ్మ పేరుతో మనందరికీ తెలిసిన సారా వ్యతిరేక పోరాటం. రాత్రి బడి నుంచి లేచిన ఆడవాళ్ళు సారా కొట్లు మూయించారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సరిగ్గా ఆ కాలంలోనే తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో ‘అరివొళి ఇయక్కం’ అక్షరాలతో పాటు సైకిల్ తొక్కడం కూడా నేర్పింది. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ దాన్ని కార్యక్రమంలో భాగం చేశారు. లక్ష మందికి పైగా గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారు. క్వారీ కూలీలు, పూలమ్మేవాళ్ళు, అంగన్‌వాడీ కార్యకర్తలు. లేడీస్ సైకిళ్ళు దొరక్క మగవాళ్ళ సైకిళ్ళే కొన్నారు. బార్ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని వాటినే ఇష్టపడ్డవాళ్ళూ ఉన్నారు. పి. సాయినాథ్ రాసిన వ్యాసం వల్ల ఈ కథ మనకి చేరింది.

నెల్లూరు పోరాటాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మన తరం స్త్రీవాదులం చాలామందిమి ఆ పోరాటం గురించి వింటూనే కళ్ళు తెరిచాం. కానీ ఒకటి గమనించండి. నెల్లూరులో స్త్రీలు రోడ్డెక్కడాన్ని సమాజం ఒప్పుకుంది, మెచ్చుకుంది. ఎందుకంటే వాళ్ళు సంసారం నిలబెట్టుకోవడానికి రోడ్డెక్కారు. పని అయిపోయాక ఇంటికి వెళ్ళిపోతారని అందరికీ నమ్మకం. పుదుక్కోట్టైలో మొదట్లో అసభ్యమైన మాటలు పడ్డారు. సైకిలెక్కిన ఆడది ఎటు వెళ్తుందో, ఎప్పుడొస్తుందో చూసేవాడికి తెలియదు. నీళ్ళు తేవచ్చు. పనికి పోవచ్చు. పక్క ఊరి స్నేహితురాలి దగ్గరికీ పోవచ్చు. ఆ ఆడవాళ్ళు పని సులువైందని చెప్పారు, నిజమే. దాంతోపాటు బస్సు కోసమో, మొగుడి కోసమో, అన్న కోసమో ఎదురు చూడక్కర్లేకుండా పోయిందని కూడా చెప్పారు. నాకు ఆ రెండో మాటే ముఖ్యం.

ప్రభుత్వాలు మాత్రం మొదటి మాటే పట్టుకున్నాయి. బీహార్ 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళివ్వడం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిషీథ్ ప్రకాశ్ దాని మీద చేసిన అధ్యయనం 2017లో అచ్చయింది. వయసుకు తగ్గట్టు హైస్కూల్లో చేరిన ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందనీ, ఆడా మగా మధ్య తేడా 40 శాతం తగ్గిందనీ వాళ్ళు లెక్క తేల్చారు. బడి మూడు కిలోమీటర్లకన్నా దూరం ఉన్న ఊళ్ళల్లోనే ఎక్కువ ఫలితం. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ‘బడికొస్తా’ అని పథకం పెట్టారు. పేరు చూడండి! ఆ సైకిల్‌కి బడి దారి ఒక్కటే తెలుసన్నమాట. ‘చెరువుకొస్తా’, ‘సినిమాకొస్తా’ అని ఏ ప్రభుత్వమూ పేరు పెట్టదు. పెట్టమని మనం అడగలేదు కూడా.

మనం అడగలేదని ఎందుకంటున్నానంటే, తెలంగాణలో 2023 డిసెంబర్ 9న ‘మహాలక్ష్మి’ కింద ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకి ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు జరిగిన గొడవ గుర్తుంది కాబట్టి. “ఉచితం కదా అని పనీపాటా లేకుండా ఊరికే తిరుగుతున్నారు” అని టీ కొట్టు నుంచి టీవీ దాకా వెక్కిరించారు. మనమేం చేశాం? నేనూ ఒక సమావేశంలో మైకు పట్టుకుని గట్టిగా వాదించాను. కాదు, వాళ్ళు ఆస్పత్రికి వెళ్తున్నారు, కూలికి వెళ్తున్నారు, కాలేజీకి వెళ్తున్నారు, కూతురి పురుడుకి వెళ్తున్నారు అని. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి ఆలోచిస్తే సిగ్గేసింది. నేను ఆ మగవాళ్ళ వాదనని ఖండించలేదు. దాన్ని ఒప్పుకున్నాను. ఊరికే తిరగడం తప్పేనని ఒప్పుకుని, మా ఆడవాళ్ళు ఆ తప్పు చేయడం లేదని సాక్ష్యం చెప్పాను! “తిరుగుతారు, మీకేం?” అనుండాల్సింది. ముంబై గురించి షిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, షిల్పా రానడే ‘వై లాయిటర్?’ అనే పుస్తకంలో 2011లోనే ఈ మాట వివరంగా రాశారు. నగరంలో ఏ పనీ లేకుండా కాలక్షేపం చేసే హక్కు స్త్రీలది కానంత వరకూ, పని మీద వచ్చిన స్త్రీకి దొరికే భద్రత కూడా షరతులతో కూడినదే అని వాళ్ళ వాదన. ఆ పుస్తకాన్ని నేను క్లాసులో పాఠం చెప్పాను. మైకు ముందు మాత్రం మా అమ్మమ్మ సామెతే నా చేత మాట్లాడించింది.

షరతుల భద్రత ఎలా ఉంటుందో 2019 నవంబర్‌లో చూశాం. శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు టోల్ ప్లాజా పక్కన స్కూటర్ ఆపుకున్న పశువుల డాక్టరు మీద జరిగిన ఘోరం తర్వాత, ఆర్టీసీలో స్త్రీలకి రాత్రి డ్యూటీలు వద్దని అప్పటి ముఖ్యమంత్రి చెప్పారు. నలుగురు నిందితుల్ని డిసెంబర్ 6న పోలీసులు కాల్చేశారు. ఆ కాల్పులు కట్టుకథ అని 2022లో సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. రోడ్డు ఎలా మారింది? చీకటి ఎంత తగ్గింది? ఆ ప్రశ్నలు వెనక్కి పోయాయి. మన ఇళ్ళల్లో ఆడపిల్లల గడియారాలు మాత్రం ఓ రెండు గంటలు వెనక్కి జరిగాయి. షామీర్‌పేట దగ్గర కూడా అదే ఔటర్ రింగ్ రోడ్డు. నేను మొదటిసారి అటు వెళ్ళొస్తానన్నప్పుడు మా చెల్లెలు ఫోనులో అన్న మొదటి మాట శంషాబాద్.

ఇక మా రోడ్ల సంగతి. సికింద్రాబాద్‌కి ఉత్తరాన కంటోన్మెంట్‌ని ఆనుకుని ఉన్న ఊరు యాప్రాల్. ఒకప్పుడు పల్లె, తర్వాత మాజీ సైనికుల కాలనీలు, ఇప్పుడు అపార్టుమెంట్లు. పొద్దున్నే కౌకూరు మీదుగా బొల్లారం వైపు సైకిల్ తొక్కితే పెద్ద పెద్ద చెట్లు, సైన్యం వాళ్ళ పొడుగాటి గోడలు, కాస్త మంచు. హైదరాబాద్‌లో ఉన్నామని మర్చిపోతాం. హకీంపేట దగ్గర రాజీవ్ రహదారి ఎక్కగానే గుర్తొస్తుంది. కరీంనగర్, రామగుండం వైపు వెళ్ళే లారీలు పక్కనుంచి పోతుంటే హ్యాండిల్ దానంతటదే వణుకుతుంది. తూంకుంట దాటితే షామీర్‌పేట. చెరువు దగ్గర శనివారం రాత్రి తాగి పగలగొట్టిన సీసా పెంకులు ఆదివారం పొద్దున మన టైరు కోసం ఎదురు చూస్తుంటాయి. అయినా సరే, నీళ్ళ మీద కొంగలు లేస్తున్నప్పుడు అక్కడ సైకిల్‌కి ఆనుకుని నిలబడి ఫ్లాస్కులో టీ తాగడం నాకు ఏ కాన్ఫరెన్సులోనూ దొరకని సుఖం. ఇది రాయడానికి ఎందుకో ఇప్పటికీ మొహమాటంగానే ఉంది.

ఆదివారాలు ఆ రోడ్డు మీద సైకిళ్ళు గుంపులుగా వస్తాయి. ఒంటికి అతుక్కునే బట్టలు, లక్ష రూపాయల బళ్ళు, తల మీద హెల్మెట్లు. నూటికి తొంభై మంది మగవాళ్ళు. చెడ్డవాళ్ళేం కాదు, పంక్చరయితే ఆగి సాయం చేస్తారు. ఒకసారి ఒకాయన నా ట్యూబు మారుస్తూ, “మా ఆవిడకి ఇంట్రస్టు లేదండీ” అన్నారు. ఆయన తిరిగి ఇంటికి వెళ్ళేసరికి తొమ్మిదవుతుంది, టిఫిన్ సిద్ధంగా ఉంటుంది. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానికి ఖర్చు పెడుతున్నారని తేలింది. ఆ తేడా మూడు గంటల ఇరవై ఒక్క నిమిషం. యాప్రాల్ నుంచి షామీర్‌పేట వెళ్ళి, చెరువు చూసి, టీ తాగి, నిదానంగా తిరిగి రావడానికి అంతకన్నా తక్కువే పడుతుంది. ఇంట్రస్టు ఎక్కడికి పోయిందో ఆయనకి చెబుదామనుకున్నాను. ట్యూబు మార్చడం ఇంకా పూర్తి కాలేదు కాబట్టి ఊరుకున్నాను.

మరుగుదొడ్డి విషయం రాయకపోతే మన పత్రిక పాఠకులు నన్ను క్షమించరు. మగవాళ్ళకి దారి పొడుగునా గోడలే. మనం బయల్దేరే ముందు నీళ్ళు తాగం. పెట్రోలు బంకులో తాళం, తాళంచెవి పంపు దగ్గర కుర్రాడి జేబులో. బహిష్టు రోజుల్లో సైకిల్ సీటు గురించి మాట్లాడటానికి ఇంకో వ్యాసం కావాలి.

కంటోన్మెంట్ గేట్లది ఇంకో కథ. భద్రత పేరుతో సైన్యం రోడ్లు మూసేస్తుంటే యాప్రాల్, సైనిక్‌పురి వైపు జనం ఏళ్ళ తరబడి గోల పెట్టారు. 2018 మేలో రక్షణ శాఖ దేశంలోని 62 కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవాలని చెప్పింది. ఆ చర్చంతా కార్ల గురించి, ట్రాఫిక్ గురించి నడిచింది. ఒక గేటు మూస్తే కారుకి పది నిమిషాలు ఆలస్యం. నడిచే మనిషికి గంట. ఇళ్ళల్లో పనికి పోయేవాళ్ళ గంట గురించి ఆ అర్జీల్లో రాయాలని ఎవరికీ తట్టినట్టు లేదు. అలాగే 2023 అక్టోబర్ 1న నగరం పడమటి వైపు ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సౌర ఫలకాల కప్పు, ఎండ పడదు. చాలా బాగుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలున్న వైపది. మా ఉత్తరం వైపు నుంచి అక్కడికెళ్ళి సైకిల్ తొక్కాలంటే ముందు సైకిల్‌ని కారెక్కించాలి.

ఇక్కడ మన కార్యకర్తల్లో కొందరు నన్ను ఆపుతారని తెలుసు. జవహర్‌నగర్‌లో నగరం చెత్తంతా పోసే డంపింగ్ యార్డు పక్కన, ఆ వాసనలో, ఆ చెడిపోయిన నీళ్ళ మధ్య ఆడవాళ్ళు బతుకుతుంటే నువ్వు షికారు హక్కు గురించి రాస్తావా అని. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయను. నా సైకిల్, నా ఖాళీ ఉదయం, నా ‘ఏమీ అనని సారు’ ఇవన్నీ వర్గం ఇచ్చినవే. అయితే ఆ వాదనలోనే ఇంకో అవమానం దాగుంది. పేద స్త్రీకి నీళ్ళు కావాలి, రేషన్ కావాలి, కూలి కావాలి, ఇక చెరువు చూడాలనే కోరిక మాత్రం మనకే ఉంటుంది అనుకోవడం. వాళ్ళని అడిగామా?

నేను అడగలేదు. ఆమే అడిగింది, సైకిల్ నేర్పుతావా అని. పాత లేడీస్ సైకిల్ ఒకటి కొన్నాం. ఆమె బస్తీలోనే, ఇంకా ఇల్లు కట్టని ఒక ప్లాటులో, ఆదివారం మధ్యాహ్నాలు. మొదటి వారం ఆమె ఒక్కతే. నాలుగో వారానికి ఐదుగురు. పిల్లలు చుట్టూ చేరి అరుస్తారు, మగవాళ్ళు గోడెక్కి సలహాలిస్తారు. ఒక ముసలామె రోజూ వచ్చి, “నడుము ఇరుగుద్ది, గర్భసంచి జారుద్ది” అని శాపనార్థాలు పెట్టి, చీకటి పడేదాకా కూర్చుని చూసి వెళ్ళేది. ఆమెది ప్రకాశం వైపు యాస. వలస వచ్చి ఎన్నేళ్ళయిందో. ఐదో వారం ఆమే సైకిల్ వెనక సీటు పట్టుకుని పరిగెత్తింది.

“అక్కా, ఒక్కటి సమజైంది,” అంది మా ఇంటికొచ్చే ఆమె ఒకరోజు. “ఎండలవడి గంత దూరం నడిస్తే ఎవ్వడు అడగడు. సైకిలెక్కంగనే ఏడికి, ఏడికి అని గల్లీ గల్లంత అడుగుతది. నడిస్తే కనవడనా ఏంది?”

ఈ వాక్యం నేను తరగతి గదిలో చెబుతున్నాను. ఆమెకి చెప్పే చెబుతున్నాను. పేరు మాత్రం వద్దంది.

మహిళా సంఘాలుగా మనం మునిసిపల్ ఆఫీసులకి ఇచ్చే అర్జీల్లో వీధిదీపాలు అడుగుతాం. బస్సులు అడుగుతాం. ‘ఉద్యోగినుల కోసం’, ‘విద్యార్థినుల కోసం’ అని రాస్తాం. ఈసారి రాసేటప్పుడు ఆ ‘కోసం’ తీసేసి రాద్దామని మా చర్చావేదికలో ప్రతిపాదించాను. హకీంపేట నుంచి షామీర్‌పేట దాకా రోడ్డు పక్కన నడిచేవాళ్ళకీ, సైకిళ్ళకీ విడిగా దారి. జవహర్‌నగర్ నుంచి యాప్రాల్ వచ్చే రోడ్డుకి ఫుట్‌పాత్, దీపాలు. తాళం వేయని మరుగుదొడ్లు. స్త్రీలకి ఇవి కావాలి, అంతే. ఎక్కడికి వెళ్తారో అర్జీలో రాయం. ఒకరిద్దరు, కారణం లేకపోతే కమిషనర్ ఫైలు పక్కన పడేస్తాడన్నారు. పడేయొచ్చు. కారణాలు రాసిన ఫైళ్ళు ఏమయ్యాయో కూడా మనకి తెలుసు. చర్చ ఇంకా తెగలేదు.

మొన్న ఆమె పనికి గంట ఆలస్యంగా వచ్చింది, సైకిల్ మీద. చేతులు నల్లగా గ్రీజు. బిట్స్ కాలేజీ గోడ దాకా పోయిందట, తిరిగొచ్చేటప్పుడు చైన్ ఊడిందట. దారినపోయే కుర్రాడు పెడతానంటే వద్దని, పుల్లతో తనే ఎక్కించిందట. అటెందుకు వెళ్ళావని నోటిదాకా వచ్చింది నాకు. ఆమె సర్ఫు పొడి అరచేతిలో వేసుకుని గ్రీజు వదలగొట్టుకుంటోంది.